పైపు గ్యాసు, అమ్మ సందేహం

వంటింట్లోకి పైపు గ్యాసు వచ్చి వారమైంది. "దీనికి సిలిండరు గ్యాసంత వేడి లేదేమో నాన్నా" అంది అమ్మ. అలా తీసిపారేయడం నాకు నచ్చలేదు. పెద్ద బర్నరు ఒక్కటే పూర్తిగా వెలిగించి, అరగంట మీటరు ముందే కూర్చున్నాను. అంకె 0.11 ఘనపు మీటర్లు కదిలింది, అంటే గంటకు 0.22. సహజవాయువు ఘనపు మీటరుకు సుమారు 38 మెగాజౌళ్ల వేడినిస్తుంది. గుణిస్తే గంటకు 8.4 మెగాజౌళ్లు, గంటకు 3.6 మెగాజౌళ్లంటే ఒక కిలోవాటు కాబట్టి, 3.6తో భాగిస్తే దాదాపు 2.3 కిలోవాట్లు. ఇంటి పొయ్యికి ఇది మంచి వేడే!

అమ్మ మాటలోనూ నిజముంది. ఒకే ఘనపరిమాణంలో సిలిండరు గ్యాసు దీనికి రెండున్నర నుంచి మూడు రెట్లు వేడినిస్తుంది. అదే మంట రావాలంటే పైపు గ్యాసు అన్ని రెట్లు ఎక్కువ పారాలి. పైగా దీని పీడనం కూడా తక్కువ. అందుకే కనెక్షన్ ఇచ్చిన రోజు, బిగించడానికి వచ్చిన అబ్బాయి జెట్లు (బర్నరులోకి గ్యాసు వదిలే చిన్న రంధ్రపు ముక్కలు) విప్పి, పెద్ద రంధ్రమున్నవి బిగించాడు. అప్పుడు నేను పట్టించుకోనేలేదు. పాత జెట్టును, అతను మార్చకుండా వదిలేసిన చిన్న బర్నరు జెట్టును పక్కపక్కన పెట్టి చూశాను: రెండూ ఒకే తీరు సన్న రంధ్రాలు. అమ్మ పాలు కాచేది ఆ బర్నరు మీదే. రేపు అతన్ని పిలిపించి దాన్నీ మార్పిస్తున్నాను.