ఉప్పు తినలేదని తేలిన రోజు

"మాకు తెలీకుండా ఉప్పు తింటున్నావు కదరా?" అని అమ్మ అడిగినప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఆర్నెల్లుగా చప్పటి పప్పు, చప్పటి సొరకాయ కూరే తింటున్నాను. ఆవకాయ జాడీ అటకెక్కించింది కూడా ఆవిడే. అయినా బీపీ 160 నుంచి కిందికి దిగదు. నాది ఐజీఏ నెఫ్రోపతి, అంటే కిడ్నీలోని వడపోత దెబ్బతినే జబ్బు. కిడ్నీ పని తగ్గేకొద్దీ రక్తంలో పెరిగే క్రియాటినిన్ నాకు 2.6. బీపీకి టెల్మిసార్టన్, ఆమ్లోడిపిన్, ఒంట్లో ఉప్పూ నీరూ బయటికి పంపే టోర్సెమైడ్, మూడు మాత్రలూ వేసుకుంటున్నా. మొదట చూసిన డాక్టరుదీ అమ్మ మాటే: "నోరు కట్టుకోవాలి బాబూ."

గుంటూరులో ఇంకో నెఫ్రాలజిస్టుకి (కిడ్నీ డాక్టరుకి) చూపించుకున్నాను. ఆయన నన్నేమీ అనలేదు. "ఒక రోజు మూత్రం మొత్తం పట్టి తెండి" అన్నారు. ల్యాబ్‌లో ఐదు లీటర్ల డబ్బా ఇచ్చారు. పొద్దున మొదటిసారిది వదిలేసి, మర్నాడు పొద్దున మొదటిసారిది దాకా ప్రతి చుక్కా అందులోనే పట్టాలి. తిన్న ఉప్పులో చాలా భాగం మూత్రంలోనే బయటికి పోతుంది కాబట్టి అక్కడ దాపరికం కుదరదు. రిపోర్టులో సోడియం 78 మిల్లీమోల్స్, అంటే రోజుకి సుమారు నాలుగున్నర గ్రాముల ఉప్పు. ఐదు గ్రాములు దాటకూడదంటారు. డాక్టరుగారు ఆ కాగితం అమ్మకిచ్చి, "మీ అబ్బాయి నిజమే చెప్పాడమ్మా" అన్నారు. బయటికొచ్చాక అమ్మ చాలాసేపు నా చెయ్యి వదల్లేదు.

తర్వాత 24 గంటల బీపీ మిషన్ కట్టారు. నిద్రలో బీపీ 10 నుంచి 20 శాతం తగ్గాలట. నాకు పగటి సగటు 156, రాత్రి సగటు 160. నేను నిద్రపోతున్నా లోపల ఏదో మేలుకునే ఉందన్నమాట.

అదేమిటో ఆయన చీటీ వెనక బొమ్మ గీసి చూపించారు. కిడ్నీ నుంచి మెదడుకి నరాలున్నాయి. దెబ్బతిన్న కిడ్నీ, రక్తం చాలక అల్లాడే కిడ్నీ, వాటి గుండా ఆపకుండా కబురు పంపుతూనే ఉంటుంది. మెదడు దాన్ని ఆపదగా తీసుకుని, ఆపదలో ఒంటిని అప్రమత్తం చేసే సింపథెటిక్ నరాలను ఉసిగొల్పుతుంది. దాంతో గుండె వేగం పెరుగుతుంది, రక్తనాళాలు బిగుసుకుంటాయి. కిడ్నీ రెనిన్ అనే బీపీ పెంచే పదార్థాన్ని వదిలి ఉప్పునీ నీటినీ పట్టి ఉంచుతుంది. బీపీ ఇంకా పెరిగి కిడ్నీని ఇంకా దెబ్బతీస్తుంది.

1992లో అమెరికాలోని డల్లాస్‌లో చేసిన పరిశోధన గురించి కూడా చెప్పారు. డయాలిసిస్ రోగుల కాలి నరంలోకి సన్నని సూది పెట్టి ఈ సింపథెటిక్ నరాల చప్పుడు, అంటే అవి ఎంత చురుగ్గా ఉన్నాయో, కొలిచారు. మామూలు మనుషుల కంటే రెట్టింపు పైనే ఉంది. రెండు కిడ్నీలూ తీసేసినవాళ్ళలో మాత్రం మామూలుగానే ఉంది, వాళ్ళదీ డయాలిసిస్సే అయినా! రక్తంలో మలినాలదే తప్పయితే వాళ్ళకీ పెరగాలి కదా. ఆ అరుపు కిడ్నీదేనని నాకు అప్పుడు అర్థమైంది.

మెదడు దగ్గరే ఆ నరాలను నెమ్మదింపజేసే క్లోనిడిన్ అనే మాత్ర కలిపారు. నోరు పిడచకట్టుకుపోయేది, పగలు మత్తు. కానీ రెండు వారాల్లో 140కి దిగింది.

అక్కడే తప్పు చేశాను. తెనాలిలో మేనమామ కూతురి పెళ్ళికి వెళ్తూ ఆ మాత్రలు ఇంట్లో మర్చిపోయాను. రెండు రోజులకేం కాదులే అనుకున్నా. మూడో రోజు పొద్దున తల పగిలిపోతోంది, గుండె దడదడ. బీపీ 214. క్లోనిడిన్ ఉన్నట్టుండి ఆపితే అణిగి ఉన్న నరాలు ఒక్కసారిగా విరుచుకుపడతాయట. ఆ రాత్రంతా ఆసుపత్రిలో ఉంచారు. ఇది వేసుకునేవాళ్ళెవరైనా దయచేసి సొంతంగా ఆపకండి. ఆపాలన్నా డాక్టరు చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రావాలి.

కిడ్నీ నరాలను వేడితో కాల్చే పద్ధతికి 2023 నవంబరులో అమెరికాలో అనుమతి వచ్చిందని చదివి అడిగాను. ఆ పరీక్షల్లో చాలావరకు కిడ్నీ బాగా పనిచేసేవాళ్ళనే తీసుకున్నారు, మీరు తొందరపడొద్దు అన్నారు. నా గురక విని నిద్ర పరీక్ష కూడా చేయించారు. నిద్రలో ఊపిరి ఆగినప్పుడల్లా ఈ నరాలే ఎగసిపడతాయట. ఇప్పుడు ఊపిరి ఆగకుండా గాలి పంపే మాస్కు పెట్టుకునే పడుకుంటున్నా.

పోయిన నెల మళ్ళీ మిషన్ కట్టారు. పగలు 134, రాత్రి 119. ఆవకాయ జాడీ ఇంకా అటక మీదే ఉంది. రాత్రి తొమ్మిదికి అమ్మ మంచినీళ్ళ గ్లాసూ మాత్రా తెచ్చి, నేను మింగేదాకా పక్కనే నిలబడుతుంది.