ప్రింటింగ్ గదిలో నేర్చిన ఫోటోగ్రఫీ

“తెర మీద బాగానే ఉంది సార్, ప్రింటే నల్లగా వచ్చింది.”

మన ఫోటోగ్రఫీ విభాగంలో చదివిన ఏ బ్యాచ్‌ను కదిలించినా ముందు గుర్తొచ్చే మాట ఇదే. డిజిటల్ ప్రింటింగ్ క్లాసు మొదలైన వారానికే సగం మంది అనేసేవారు. సారు ప్రింటు చేతిలోకి తీసుకోకుండానే మానిటర్ దగ్గరికి నడిచేవారు. తప్పు అక్కడుందని ఆయనకు తెలుసు.

కొత్తగా కొన్న మానిటర్ చదరపు మీటరుకు 250, 300 క్యాండెలాల వెలుగుతో మండిపోతూ వస్తుంది. కాగితానికి సొంత వెలుగు లేదు. గదిలో ఎంత కాంతి పడితే అందులో కొంత తిరిగి మన కంటికి పంపుతుంది, అంతే. మండే తెర మీద ఫోటో దిద్దుతుంటే అది ఎక్కువ తెల్లగా ఉన్నట్టు తోచి, మనకు తెలియకుండానే తగ్గించేస్తాం. ఆ తగ్గింపంతా ప్రింటులో నలుపై బయటపడుతుంది. అందుకే తెర వెలుగు 80 నుంచి 120 క్యాండెలాల మధ్యకు దించాలి. మానిటర్‌ను అరగంట వెచ్చబడనిచ్చి, ఆటో బ్రైట్‌నెస్, నైట్ లైట్ ఆపేసి, క్యాలిబ్రేటర్‌ను (తెర రంగుల్ని కొలిచి సరిచేసే పరికరం) తెరకు ఆనించి వైట్ పాయింట్ (తెర తెలుపు ఛాయ) డి65, గామా (నడిమి ఛాయల వెలుగు) 2.2, వెలుగు 100 అని పెట్టేవాళ్లం. నెలకోసారి మళ్లీ. క్యాలిబ్రేటర్ లేనిచోట ఓ తెల్ల కాగితాన్ని ప్రింటు చూసే దీపం కింద, తెర పక్కనే పట్టుకుని, తెర మీద ఖాళీ తెల్ల పేజీ తెరవాలి. కాగితం పక్కన తెర ట్యూబ్‌లైటులా కనిపిస్తే ఇంకా దించాల్సిందే. ఈ ఉపాయంతో రంగులు కుదరవు గానీ నల్ల ప్రింట్ల బెడద చాలావరకు తీరుతుంది.

ఆ గది ఒకప్పటి డార్క్‌రూమ్. గోడలకు బూడిద రంగు ఎందుకు వేయించారో మొదట ఎవరికీ అర్థమయ్యేది కాదు. ఎర్ర చొక్కా వేసుకుని తెర ముందు కూర్చుంటే ఆ ఎరుపు గాజు మీద పడుతుంది, కన్ను దాన్ని సర్దుకుంటుంది, చేయి ఫోటోను ఆకుపచ్చ వైపు లాగుతుంది. పచ్చ గోడా అదే పని చేస్తుంది. ప్రింటు చూసే దీపం 5000 కెల్విన్‌ది, రంగుల్ని సరిగ్గా చూపేది ఒకటి విడిగా ఉండేది. రాత్రి హాస్టల్ ట్యూబ్‌లైటు కింద చూసి “ఆకుపచ్చ తేలింది” అని ఫైలు మార్చేసినవాళ్లు, పొద్దున కిటికీ వెలుగులో అదే ప్రింటు చూసి మార్చినదంతా వెనక్కి తీసుకున్న సందర్భాలు లెక్కలేనన్ని.

రంగు విషయంలో అన్నిటికంటే ఎక్కువ కాగితం తగలేసింది ఒక్క సెట్టింగు. ఫోటోషాప్ ప్రింటు విండోలో రంగుల బాధ్యత ఫోటోషాప్‌దే అని పెట్టి, ఆ కాగితానికి చెందిన ఐసీసీ ప్రొఫైల్ (ఆ కాగితం మీద రంగులు ఎలా వస్తాయో చెప్పే ఫైలు) ఎంచుకున్నాక, ప్రింటర్ డ్రైవర్‌లోకి (ప్రింటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) వెళ్లి అక్కడి రంగు సవరణ పూర్తిగా ఆపాలి. ఆ రెండో అడుగు మరిచిపోతే ఒకే ఫోటోకు రెండుసార్లు సవరణ జరుగుతుంది. మొహాలు చాలాసార్లు గులాబీ వైపు తిరిగి వస్తాయి. రెండుచోట్లా ఆపేస్తే మరో రకం తప్పు. పెళ్లికూతురి మొహం గులాబీ రంగులో వచ్చిందంటే ఫైలు ముట్టుకోకుండా ముందు డ్రైవర్ తెరిచి చూడాలన్నది అక్కడ అలవాటైన క్రమం. డ్రైవర్ అప్‌డేట్ అయ్యాక సెట్టింగు తనంతట తాను పాత స్థితికి పోతుంటుంది కాబట్టి, ప్రతి ప్రింటుకీ ముందు చూసుకోవడమే మేలు.

సాఫ్ట్ ప్రూఫ్, అంటే ప్రింటు ఎలా వస్తుందో తెర మీదే ముందుగా చూసుకోవడం గురించి ఒక మాట. ప్రూఫ్ సెటప్‌లో కాగితం ప్రొఫైల్ ఎంచుకుని, కాగితపు తెలుపు చూపించమని టిక్కు పెట్టగానే ఫోటో మొత్తం దుమ్ము పట్టినట్టు వెలిసిపోతుంది. భయపడి టిక్కు తీసేస్తారు చాలామంది. కానీ కాగితం ఇవ్వగలిగింది అంతే. మెరిసే గ్లాసీ కాగితం మీద నలుపు సాంద్రత (అంకె పెరిగేకొద్దీ నలుపు గాఢం) 2.3 దాకా వెళ్తుంది, మెరుపు లేని మ్యాట్ మీద 1.6, 1.7 దగ్గర ఆగిపోతుంది. టిక్కు పెట్టే క్షణంలో చూపు పక్కకు తిప్పి, కాసేపాగి చూడమనేవారు సారు. ముందున్న మెరుపుతో పోల్చుకోకపోతే కన్ను కొత్త తెలుపుకు త్వరగా అలవాటు పడుతుంది.

కాగితానికి అందని రంగుల్ని ఏం చేయాలో చెప్పే సెట్టింగు రెండరింగ్ ఇంటెంట్. ఆ పాఠానికి బంతిపూల గుట్టే మాకు పరీక్ష. బంతిపువ్వు నారింజ ఎంత గాఢంగా ఉంటుందంటే దాన్ని ఏ కాగితమూ పూర్తిగా అందుకోలేదు. రిలేటివ్ కలరిమెట్రిక్ పెడితే కాగితానికి అందే రంగులన్నీ ఉన్నచోటే ఉంటాయి, అందనివి అంచుకు నొక్కుకుపోతాయి. అప్పుడు రేకుల మధ్య తేడాలు పోయి పువ్వు ఒకే ముద్దగా కనిపిస్తుంది. పర్సెప్చువల్ అన్ని రంగుల్నీ కొంచెం కొంచెం లోపలికి జరుపుతుంది కాబట్టి రేకులు నిలుస్తాయి, ఫోటో మొత్తం కాస్త చప్పబడుతుంది. మనిషి మొహం ముఖ్యమైన ఫోటోకు మొదటిది, పూలూ పట్టుబట్టలూ ముఖ్యమైనదానికి రెండోది అని మొదలుపెట్టి, రెంటికీ చిన్న ముక్కలు తీసి చూసి తేల్చేవాళ్లం. ఫోటో నలుపును కాగితం నలుపుకు సర్దే బ్లాక్ పాయింట్ కాంపెన్సేషన్ మాత్రం రిలేటివ్‌తో ఎప్పుడూ ఆన్‌లోనే.

బయటి ల్యాబ్‌కు ఇచ్చే ఫైలు సంగతి వేరు. ఊళ్లలో ఉండే మినీల్యాబ్ యంత్రం లేజర్‌తో సిల్వర్ హేలైడ్ కాగితాన్ని ఎక్స్‌పోజ్ చేసి డెవలపర్, బ్లీచ్ ఫిక్స్, వాషుల గుండా నడిపిస్తుంది. అది చాలాచోట్ల ఎస్‌ఆర్‌జీబీ (మామూలు తెరలు వాడే రంగుల పరిధి) ఫైలు వస్తుందనే నమ్మకంతో పనిచేస్తుంది. అంతకంటే విశాలమైన అడోబీ ఆర్‌జీబీలో ఉన్నది అలాగే ఇస్తే రంగులు చచ్చిపోయి వస్తాయి, తిట్లు ల్యాబ్ కుర్రాడికి పడతాయి. ప్రొఫైల్‌ను ఎస్‌ఆర్‌జీబీకి కన్వర్ట్ చేయాలి. అసైన్ చేయకూడదు, అసైన్ అంటే అంకెలు అలాగే ఉంచి పేరు మార్చడమే. జేపెగ్ అత్యధిక నాణ్యత, సైజు ఇంచుల్లో, 300 పీపీఐ (ఇంచుకు పిక్సెళ్లు). ఆర్డరు మీద “కరెక్షన్ వద్దు” అని రాయాలి. లేకపోతే యంత్రమో ఆపరేటరో డెన్సిటీ (ప్రింటు వెలుగు చీకట్లు) మార్చేసి, మనం కావాలని చీకటిగా ఉంచిన దీపావళి ఫోటోను పట్టపగలు చేసేస్తారు.

సైజు లెక్క నోటికి రావాల్సిందే. 8×12 ఇంచులకు 2400×3600 పిక్సెళ్లు, 12×18కి 3600×5400. 24 మెగాపిక్సెళ్ల కెమెరా ఇచ్చే 6000×4000 ఫైలు 300 దగ్గర 20 ఇంచుల వెడల్పు దాకా వస్తుంది. వాట్సాప్ మామూలుగా పంపే ఫోటో ఇంచుమించు 1600 పిక్సెళ్లకు కుదించుకుపోతుంది, దానికి 5 ఇంచులు దాటితే కష్టం. ఫోటో కావాలంటే డాక్యుమెంటుగా పంపించుకోవాలి. పాస్‌పోర్టు సైజు 35×45 మిల్లీమీటర్లు, అంటే 413×531 పిక్సెళ్లు. 4×6 కాగితం మీద అడ్డంగా నాలుగు, రెండు వరుసల్లో 8 పడతాయి.

ఇక ఆకారం. మన కెమెరాల సెన్సర్ 3:2. అది 4×6, 8×12, 12×18కి అతికినట్టు సరిపోతుంది. ఫ్రేము దొరికింది కదా అని 8×10 అడిగితే పొడవులో ఆరోవంతు పోతుంది. గ్రూప్ ఫోటోలో ఆరోవంతంటే రెండు చివర్లా నిలబడ్డ పెద్దమ్మ, మేనమామ. కాబట్టి ఏ సైజుకు వెళ్తుందో తెలియని ఫోటో తీసేటప్పుడు అటూ ఇటూ జాగా వదలాలి. పెళ్లి ఆల్బమ్‌లో 12×36 షీటుకు 18 ఇంచుల దగ్గర మడత పడుతుంది. మడతకు ఇటో ఇంచు, అటో ఇంచు మొహాలు రాకూడదు, చుట్టూ పావు ఇంచు కోతకు వదలాలి. ఈ సైజుల లెక్క చెప్పేటప్పుడే సారు రాజా దీన్ దయాళ్ (1844–1905) ప్రస్తావన తెచ్చేవారు. సికింద్రాబాదులో స్టూడియో నడిపిన ఆయన తరంలో గుడ్డు తెల్లసొన పూసిన ఆల్బుమెన్ కాగితాన్ని గాజు నెగెటివ్‌కు ఆనించి ఎండలో ప్రింటు వేసేవారు. ప్రింటు ఎంత పెద్దది కావాలంటే గాజు ప్లేటు అంత పెద్దది మోయాలి. ఆ ప్రింట్లలో సన్నటి వివరం అంత నిలవడానికి అదొక కారణం: ఎక్కడా సాగదీసింది లేదు.

ఇంతదాకా వచ్చాకే క్లాసు కెమెరా వైపు తిరిగేది. ప్రింటులో పట్టుబడిన తప్పు కెమెరాలో ఎక్కడ పుట్టిందో వెతకడమే ఆ సెమిస్టరంతా మాకు పని, నా లెక్కలో ఆ కోర్సుకున్న అసలు బలం కూడా అదే. కుంకుమ రంగు పట్టుచీర తీసుకోండి. కెమెరా వెనక కనిపించే ఒంటి హిస్టోగ్రామ్ (ఫోటోలో వెలుగు చీకట్లు ఎంతెంతో చూపే గ్రాఫు) బాగానే ఉంటుంది. దాన్ని లెక్కగట్టడంలో ఆకుపచ్చ వాటా ఎక్కువ కాబట్టి ఎరుపు ఛానెల్ గ్రాఫు కుడి గోడకు కొట్టుకుని వివరం పోయిన సంగతి బయటికి తెలియదు. ప్రింటులో చీర మడతలన్నీ పోయి ఎర్ర అట్టముక్కలా కనిపిస్తుంది. మూడు ఛానెళ్ల హిస్టోగ్రామ్ పెట్టుకుని, ఎరుపు గోడ తగిలితే స్టాపులో మూడింట రెండు వంతుల నుంచి ఒక స్టాపు దాకా (ఒక స్టాపు తగ్గిస్తే కాంతి సగం) తగ్గించాలి. రా ఫైలులో (సెన్సర్ పట్టినది పట్టినట్టు దాచే ఫైలు) నీడల్ని పైకి లేపుకోవచ్చు. 14 బిట్ల రా ఫైలులో ఒక్కో ఛానెల్‌కు 16,384 మెట్లుంటాయి, జేపెగ్‌లో 256. సెన్సర్‌లోనే నిండిపోయిన ఎరుపు మాత్రం ఎందులోనూ తిరిగి రాదు.

మధుపర్కాలది దీనికి తిరగబడ్డ సమస్య. తెల్ల నూలుబట్ట 255కి (0 అంటే నలుపు, 255 అంటే ఉత్త తెలుపు) చేరితే ప్రింటర్ అక్కడ ఇంకు అసలు చల్లదు, ఉత్త కాగితం కనిపిస్తుంది. గ్లాసీ మీదైతే ఆ మచ్చ పక్కనుంచి చూసినా తెలిసిపోతుంది. నేత కనపడాలంటే బట్ట 240, 245 దగ్గర ఆగాలి. ఏ కాగితం ఎక్కడ చేతులెత్తేస్తుందో తెలియడానికి 0 నుంచి 255 దాకా 21 మెట్ల బూడిద పట్టీని ప్రతి కాగితం మీదా ప్రింటు తీసి గోడకు అంటించేవాళ్లం. మ్యాట్ మీద కింది రెండు మెట్లు ఒకటైపోవడం కళ్లారా చూసినవాళ్లు నల్లకోటు ఫోటోను మళ్లీ అలా వదలరు.

ఫ్లాష్‌ను షామియానా గుడ్డకు బౌన్స్ చేస్తే, అంటే తగిలి తిరిగొచ్చేలా వేస్తే, గుడ్డ రంగు మొహాలకు పూసుకుంటుంది, వైట్ బ్యాలెన్స్ మార్చినా వెనకున్నవాళ్లు ఇంకో రంగుకు పోతారు. తెల్లటి బౌన్స్ కార్డు వాడాలి. ప్రతి చోటా మొదటి ఫ్రేములో గ్రే కార్డు (రంగులు సరిచేయడానికి ఆధారంగా పెట్టుకునే బూడిద అట్ట) పెట్టాలి. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది, ట్యూబ్‌లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. షట్టర్ 1/50 లేదా 1/100 దగ్గర ఉంచితే ఫ్రేములో చారలు పడవు. తలంబ్రాల గింజలు షట్టర్‌తోనే గాల్లో ఆగాలంటే మాత్రం 1/500 దాటాలి. అక్కడ ట్యూబ్‌లైట్లను నమ్ముకోకుండా, షట్టర్ పెంచే బదులు క్షణంలో మెరిసిపోయే ఫ్లాష్ కాంతితోనే ఆపుకోవాలి.

కాగితం పెట్టడంలోనూ చదువుంది. పూత ఉన్న వైపు ఏదో తెలియకపోతే మూలన తడివేలు ఆనించాలి, అంటుకున్నదే ముద్రించే వైపు. వెనక వైపు పెడితే ఇంకు ఆరక చెరువు కడుతుంది. పెట్టే ముందు బ్లోయర్‌తో దుమ్ము ఊదాలి. దుమ్ము కణం మీద పడ్డ ఇంకు కణంతోపాటే రాలిపోయి తెల్లచుక్క మిగులుతుంది. అంచులు వంకర తిరిగిన కాగితం ఇంకు చిమ్మే హెడ్‌కు రాసుకుని నల్లచారలు తెస్తుంది కాబట్టి ముందు ఎదురు చుట్టి సాపు చేసుకోవాలి. మ్యాట్ కాగితానికి మ్యాట్ బ్లాక్, గ్లాసీకి ఫోటో బ్లాక్. రెండూ ఒకే నాజిళ్ల (ఇంకు చిమ్మే సన్నటి రంధ్రాల) వరుస వాడుకునే ప్రింటర్‌లో ఒకదాన్నుంచి ఇంకోదానికి మారినప్పుడల్లా ఇంకు వృథా, అందుకే మ్యాట్ పనంతా ఒకే రోజు పెట్టుకునేవాళ్లం. పదునెక్కించడం సైజు మార్చాకే, చివర్లో. మ్యాట్ ఇంకును పీల్చుకుంటుంది కనుక దానికి మోతాదు కాస్త పెంచాలి. పూర్తి షీటు తీసే ముందు, మొహమూ నీడా రెండూ ఉండే చోటు నుంచి చిన్న పట్టీ ఒకటి అదే కాగితం మీద తీయాలి.

ప్రింటు బయటికొచ్చాక ముఖం పైకి పెట్టి, మీద పల్చటి మామూలు కాగితం కప్పి 24 గంటలు ఆరనివ్వాలి. తొందరపడి అద్దం వేస్తే ఇంకులోని ద్రవం ఆవిరై గాజు లోపలి వైపు మంచులా పేరుకుంటుంది. గాజుకూ ప్రింటుకూ మధ్య మౌంట్ బోర్డు కిటికీ (మధ్యలో కోసిన మందపాటి అట్ట చట్రం) తప్పనిసరి. విశాఖ, కాకినాడ వంటి సముద్రం పక్క ఊళ్ల తేమలో ప్రింటు గాజుకు అతుక్కుందంటే ఇక ఊడదు. వెనక అంచున పేరు, తేదీ, కాగితం, ప్రొఫైల్, ఇంటెంట్ రాయాలి. బాల్‌పెన్ను ఒత్తిడి ముందు వైపు గీతగా తేలుతుంది. కాటన్ కాగితానికి మెత్తటి పెన్సిల్, ప్లాస్టిక్ పూతదానికి పర్మనెంట్ మార్కర్. ఆ వివరాలు రాసున్న ప్రింట్లను ఇవాళ తీసి చూసినా అలాంటిదే మరొకటి వేయగలం.

చివరగా, ఇప్పుడు చదువుతున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక పని. పిగ్మెంట్ ఇంకు ప్రింటర్ వాడకుండా వదిలేస్తే నాజిళ్లు ఎండుతాయి. మన మే నెల పొడి వేడిలో మూతపడ్డ గదిలో ఇంకా త్వరగా. నాజిళ్లు పనిచేస్తున్నాయో లేదో చూపే నాజిల్ చెక్ ప్రింటులో గీత తెగితే ఒకసారి క్లీనింగ్ చేసి మళ్లీ చెక్ తీయాలి. రెండుమూడు సార్లకీ రాకపోతే వరసబెట్టి క్లీనింగ్ చేస్తూ పోకుండా ఓ రాత్రి వదిలేసి పొద్దున చూడాలి, లేకపోతే ఇంకంతా వేస్ట్ ట్యాంకు పాలవుతుంది. సెలవుల్లో వారానికొకసారి ఎవరో ఒకరు వచ్చి, అన్ని ఇంకులూ కదిలేలా ఒక రంగుల 4×6 తీసి, ప్రింటర్‌ను దాని బటన్‌తోనే ఆపి వెళ్లాలి. ప్లగ్గు లాగేస్తే హెడ్ మూత మీదికి చేరకుండా ఆగిపోతుంది. ఏ వారం ఎవరి వంతో కాగితం మీద రాసి, పరీక్షలు ముగిసేలోపే ఆ గది తలుపుకు అంటించండి.