అశోకుడి ఝరోఖాలు కుదరడం లేదు

రెక్కలు అతికాయి, ఇంజన్లు కూర్చున్నాయి, బాడీ మీద తెలుపు నున్నగా వచ్చింది. వాటి గురించి చెప్పడానికేం లేదు. ప్రాణం తీస్తున్నదల్లా కిటికీల చుట్టూ ఉండే ఆ ఎర్ర ఝరోఖాలే, అంటే తోరణాలే.

మోడల్: 1/144 స్కేల్ ప్లాస్టిక్ కిట్‌లో ఎయిర్ ఇండియా మొదటి బోయింగ్ 747, రిజిస్ట్రేషన్ వీటీ-ఈబీడీ, ‘ఎంపరర్ అశోక’. 1971లో వచ్చిన ఈ విమానానికి ప్రతి కిటికీ చుట్టూ రాజస్థానీ తోరణం వేశారు. అందమంతా ఆ వరసలోనే ఉంది. తోరణం పక్కకి జరిగిందంటే బొట్టు చెంప మీద పెట్టినట్టే.

ముందు తలుపు వైపు నుంచి తోరణాల డికాల్ (నీళ్లలో నానబెట్టి అతికించే ప్రింటు బొమ్మ) స్ట్రిప్ ఆనించి చూస్తే మొదటి నాలుగైదు కిటికీలు సరిగ్గా పడుతున్నాయి. ఇరవయ్యో కిటికీ దగ్గరికొచ్చేసరికి తేడా 1.4 మిమీ! తోరణం స్తంభం అద్దం మీదికే వచ్చేస్తోంది.

కాలిపర్ తీశాను. అసలు 747లో కిటికీకీ కిటికీకీ మధ్య 20 అంగుళాలు, అంటే 508 మిమీ. ఈ స్కేల్‌లో 3.53. కిట్ మీద పదింటికి 35.3 వస్తోంది, కాబట్టి కిట్ తప్పేం లేదు. డికాల్ మీద పది తోరణాలకి 34.6. నీళ్లలో ముడుచుకుంటోందేమోనని ఒక ముక్కని పొడిగా, తడిగా, ఆరాక కొలిచాను. ఏం మారలేదు. సాఫ్టర్ (డికాల్‌ని మెత్తబరిచే ద్రవం) పూసి లాగితే సాగింది గానీ సన్న గీతలన్నీ వంకర్లు పోయాయి. చివరికి షీట్ మూలనున్న 50 మిమీ కొలత గీత చూస్తే అది 49 ఉంది. పేజీకి సరిపోవాలని కుదించి ప్రింట్ కొట్టేసి ఉంటారని నా అనుమానం. ఇంత డబ్బు తీసుకుని ఆ ఒక్క గీతైనా కొలిచి చూసుకోరా?

ఇప్పుడు మూడేసి తోరణాలుగా కోసి, మధ్య దాన్ని కిటికీకి సెంటర్ చేసి అంటిస్తున్నాను. అటూ ఇటూ తోరణాలు 0.07 మిమీ జరుగుతాయి, కంటికి ఆనదు. ముక్కకీ ముక్కకీ మధ్య మిగిలే 0.2 మిమీ సందులో సన్న బ్రష్‌తో టామియా కంపెనీ ఎక్స్-7 మెరిసే ఎరుపు రంగు. ఎక్స్ఎఫ్-7 వద్దు, మ్యాట్‌గా కనిపించి అతుకు పట్టిచ్చేస్తుంది. ముక్కు వైపు బాడీ సన్నబడుతుంది కాబట్టి అక్కడ ఒక్కొక్కటే. ఇంత చిన్న ముక్కలకి మైక్రో సాల్ అనే సాఫ్టర్ చాలు, ఘాటైనవేవీ అక్కర్లేదు. కుడి వైపు సగం అయింది, పర్లేదు.

మసి, మరకలు వేయడం లేదు. ఈ విమానం 1978 జనవరి 1న బొంబాయి నుంచి దుబాయ్‌కి బయల్దేరిన కాసేపటికే బాంద్రా దగ్గర సముద్రంలో కూలింది, 213 మందీ పోయారు. ఏడేళ్లు కూడా నిండని విమానాన్ని పాతదానిలా చేయడం నాకు నచ్చదు.

తర్వాత ‘ఎంపరర్ షాజహాన్’ అనుకున్నాను గానీ మళ్లీ ఈ తోరణాలంటే ఓపిక లేదు. 1996లో పెప్సీ ప్రచారానికి రంగు మార్చిన కాంకర్డ్ (ధ్వని కన్నా వేగంగా ఎగిరే విమానం) చేస్తా. బాడీ నీలం, రెక్కలు తెలుపు. నీలం రంగు వేడిని పట్టేస్తుందని మాక్ 2 (ధ్వనికి రెట్టింపు వేగం) దగ్గర 20 నిమిషాలకి మించి ఎగరొద్దన్నారట దాన్ని. రెక్క బాడీని కలిసే చోట మాస్కింగే (రంగు అంటకుండా టేప్‌తో కప్పడం) కాస్త టెన్షన్. ముందు తెలుపు కొట్టి దాని మీద నీలం వేయాలా, లేక నీలం కింద గ్రే ప్రైమర్ చాలా అన్నది పాత రెక్క ముక్క మీద తేల్చుకోవాలి.