ఆ రెండు లక్షలు

"రెండు లక్షలను 376తో గుణించి, వందతో భాగించండి" అంటూ ఆడిటరు గారు క్యాలిక్యులేటరును నా వైపు జరిపారు. 2001 నవంబరులో స్థలం కొన్నప్పటి దస్తావేజు బల్ల మీద ఉంది. పన్ను లెక్కల ద్రవ్యోల్బణ సూచీ 2001-02కు 100, అమ్మిన 2025-26కు 376 కనుక, ఆనాటి నా రెండు లక్షలు నేడు 7,52,000 రూపాయలకు సమానమట. ఆ సూచీ ధరల పెరుగుదలలో ముప్పావు వంతునే లెక్కలోకి తీసుకుంటుందన్న సంగతి వేరు.

అమ్మకం ధర 30 లక్షలు. సూచీని అన్వయిస్తే మిగిలిన లాభంపై 20 శాతం చొప్పున 4,49,600 రూపాయల పన్ను పడుతుండగా, అన్వయించకుండా 12.5 శాతం కడితే, సెస్సు కాక, మూడున్నర లక్షలతో సరిపోతుంది.

అంత శ్రద్ధగా పెంచిన అంకెను కొట్టివేశాము. స్థలం 12 లక్షలే పలికి ఉంటే సూచీయే మేలు చేసేదని ఆయన అన్నారు గాని, అందుకు విచారించాలని నాకు అనిపించలేదు.