అటక మీది ఎయిట్-ట్రాక్

శనివారం. ఇత్తడి గంగాళం దింపమని అమ్మ పొద్దున్నే అటకెక్కించింది. గంగాళం వెనకాల మామయ్య ఎయిట్-ట్రాక్ ప్లేయర్ (పాతకాలం పాటల టేపు యంత్రం), దాని పక్కన బిస్కెట్ డబ్బాలో ఒకే ఒక్క టేపు కార్ట్రిడ్జి. అమెరికన్ అన్నాచెల్లెళ్ల జంట కార్పెంటర్స్ పాడిన ‘ప్యాసేజ్’ ఆల్బమ్, 1977. మామయ్య ఓడలో పనిచేసే రోజుల్లో తెచ్చిన సామాను. గంగాళం కిందికి దిగింది గానీ, నాకు ఆ పూట ఇంకో పని తోచలేదు.

అలాగే లోపలికి తోస్తే ప్లేయర్ టేపు నమిలేస్తుంది. ఎయిట్-ట్రాక్‌లో టేపు రెండు కొసలూ కలిపి అతికించిన ఒకే చుట్ట. చుట్ట నడిమి నుంచి బయటికొచ్చి, టేపును చదివే హెడ్ మీదుగా జారి, మళ్లీ పైచుట్టుకు చేరుతుంది. అతుకు దగ్గర చిన్న రేకు ముక్క ఉంటుంది. అది తగిలితే హెడ్ ‘టక్’మని జరిగి తరవాతి ప్రోగ్రాం, అంటే టేపు మీద పక్కనున్న పాటల వరస, అందుకుంటుంది. ఇన్నేళ్లకు ఆ అతుకు ఊడకుండా ఉంటుందా? టేపును హెడ్‌కు ఆనించే స్పాంజి అయితే వేలు తగలగానే పుట్నాల పొడిలా రాలిపోయింది.

చెన్నై రిచీ స్ట్రీట్‌కి వెళ్లి పలచటి స్పాంజి పట్టీ, ఏసీ మెకానిక్‌లు వాడే అల్యూమినియం టేపు కొన్నాను. కార్ట్రిడ్జి చూసి షాపతను “ఇదు ఎన్న సార్, వీడియో గేమా?” అన్నాడు. అవునన్నాను. ఎండలో నిలబడి అంతా వివరించే ఓపిక లేదు.

కాలేజీ రోజుల్లో ఈ ఆల్బమ్‌ను కలగూరగంప అని తీసిపారేశాను. ఒక పాట జాజ్, ఇంకోటి కలిప్సో, ఒకటి కంట్రీ, ఒకటి నాటకం పాట, పైగా గ్రహాంతరవాసులకు ఏడు నిమిషాల ఆహ్వానం. అమెరికాలో 1970 నుంచి వీళ్ల స్టూడియో ఆల్బమ్‌లకు వరసగా వస్తున్న గోల్డ్ (బాగా అమ్ముడైన రికార్డులకిచ్చే గుర్తింపు) దీనితోనే ఆగింది. ఇందులో వాయించిన లాస్ ఏంజెలిస్ ఫిల్‌హార్మోనిక్ పేరు ఒప్పందాల గొడవ వల్ల వేయడం కుదరక, ‘ఓవర్‌బడ్జెట్ ఫిల్‌హార్మోనిక్’ అని వేశారట. ఆ పేరుకి మాత్రం అప్పుడూ నవ్వాను, ఇప్పుడూ నవ్వాను.

మధ్యాహ్నం పప్పుచారు అన్నం తిని ప్లేయర్ పెట్టాను. బెల్టు సాగినట్టుంది, మొదట్లో గొంతు ఊగింది. తరవాత సర్దుకుంది. వెనక్కి తిప్పే దారి ఎలాగూ లేదు. ముందుకు దూకుదామని బటన్ నొక్కితే ఇంకో పాట నడిమధ్యన పడతాం. అందుకని కూర్చుని అన్నీ విన్నాను. అప్పట్లో రెండో నిమిషంలోనే దాటేసిన జాజ్ పాటలో ఆ జంటలోని చెల్లెలు కేరెన్ తాళానికి ఒక్క పిసరు వెనకపడి, ఏమాత్రం కంగారు లేకుండా పదాన్ని వదులుతుంది. బాంజో, ఫిడేలు గలగలలాడే కంట్రీ పాటలోనూ అదే మంద్రస్వరం, అదే నింపాది. వంటకాలు మారుతున్నాయి తప్ప వండే చెయ్యి ఒకటే. ఇది నాకు అప్పుడెందుకు వినబడలేదో! నాటకం పాట మాత్రం ఇప్పటికీ సాగదీతే. ఆ విషయంలో రాజీ లేదు.

నాలుగో ‘టక్’కి అమ్మ వచ్చి “ఏంట్రా ఆ చప్పుడు, ఫ్యాన్ ఏమైనా ఊడుతోందా?” అంది. తనను కూర్చోబెట్టి ఒక పాట వినిపించాను. “గొంతు బాగుంది. పిల్ల దిగులుగా ఉన్నట్టుందే” అని లేచిపోయింది. కేరెన్ 32 ఏళ్లకే, 1983లో పోయిందని చెప్పలేదు.

సాయంత్రం నెల్లూరికి ఫోన్ చేశాను.

“మామయ్యా, నీ కార్పెంటర్స్ టేపు పాడుతోంది.”

“అదింకా ఉందిరా? ప్లేయర్ కొంటే షాపువాడు ఊరికే ఇచ్చాడు. నేను సగం విని డబ్బాలో పడేశా.”