పిన్ను మార్చాను

పదకొండు దాటింది, నిద్ర పట్టడం లేదు. పొద్దున జిమ్‌లో ఒకాయన అన్న మాట ఇంకా చెవిలోనే ఉంది. "ఏంటి మేడమ్, ఇంకా ఇంతేనా?"

కేబుల్ రోయింగ్ దగ్గర, అంటే కూర్చుని కేబుల్‌ని ఒంటి వైపు లాగే మెషీన్ దగ్గర ఉన్నాను. ఎంత బరువు లాగాలో ఎంచుకునే పిన్ను 25 కిలోల దగ్గర ఉంది. నెల క్రితం వరకు అదే మెషీన్ మీద 40 లాగేదాన్ని, లాగేది వీపేనా అని తెలియాలని కావాలనే తగ్గించాను. ఆ సంగతి ఆయనకి తెలియాల్సిన పని లేదు. కానీ సెట్ మధ్యలో ఉన్న మనిషిని పలకరించకూడదని తెలియదా? ఎనిమిదో రెప్‌లో, అంటే ఎనిమిదోసారి లాగుతూ ఉన్నాను. లెక్క తప్పింది. సరే, లెక్క పోతే పోయింది. అసలు బాధ తర్వాత నేను చేసిన పని. ఏదో నవ్వేసి, ఆయన అటు తిరగగానే పిన్ను 40కి మార్చాను. అంతే, వీపు లాగుతున్న స్పృహే మాయమైపోయింది. మెడ బిగుసుకుంది, ముంజేతులు మండాయి, నడుము వెనక్కి ఊగింది. బరువైతే వచ్చింది. ఒంట్లో ఎవరు లాగారో నాకే తెలియలేదు.

ఇంట్లో చెబితే "వదిలెయ్" అన్నారు. మా ఆయన ఏమంటారో మీకూ తెలుసుగా.

నా భుజం ఇబ్బంది పెట్టిన రోజులు గుర్తున్నాయా? అప్పుడు ఆ ఫిజియోథెరపిస్ట్ చేతికి ఏ బరువూ ఇవ్వలేదు. వెనక నిలబడి, రెక్క ఎముక లోపలి అంచు మీద రెండు వేళ్లు ఆనించి, "నా వేళ్లని వెన్నెముక వైపు నెట్టండమ్మా" అంది. నేను భుజం ఎత్తాను. "అది కాదు." మోచెయ్యి వెనక్కి లాగాను. "అదీ కాదు." ఛాతీ ముందుకు పొడిచాను. ఆవిడ ఏమీ అనలేదు, వేళ్లు మాత్రం తియ్యలేదు. నా ఒళ్లు, నా వీపు, అయినా కబురు పంపే దారి నాకు దొరకడం లేదు. పావుగంటకి ఆ వేళ్ల కింద ఏదో సన్నగా కదిలింది. "ఆఁ, అదే!" అంది. నాకు ఏడుపొచ్చేసింది.

ఇవాళ, ఆ మాట పడక ముందు, ఏడు రెప్‌ల పాటు ఆ కదలిక వేళ్ల సాయం లేకుండానే దొరికింది.

అందుకే సాయంత్రమంతా మనసులో ఆ జిమ్ ఆయనతో వాదించాను. 2018లో వ్యాయామ పరిశోధకుడు బ్రాడ్ షోన్‌ఫెల్డ్ బృందం చేసిన పరిశోధన చూపించాలనుకున్నాను. 8 వారాలు. కండ బిగించడం మీద మనసు పెట్టిన వాళ్ల బైసెప్స్ మందం 12.4 శాతం పెరిగింది, బరువు పైకి తేవడమే చూసుకున్న వాళ్లకి 6.9. ఇంకేం కావాలి?

కానీ అదే పరిశోధనలో తొడ ముందు కండల దగ్గర చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 2016లో బెంచ్ ప్రెస్ (వెల్లకిలా పడుకుని బరువు పైకి తోయడం) మీద చేసిన ఇంకో దాంట్లో, ఎత్తగలిగిన గరిష్ఠ బరువులో 60 శాతం దాకా మనసు పెట్టిన కండ ఎక్కువ పనిచేసింది. 80 శాతం దగ్గర ఆ తేడా పోయింది. ఇది గుర్తొచ్చాక నా వాదనలో పస తగ్గింది. నా స్క్వాట్ (భుజాల మీద బార్ పెట్టుకుని కూర్చుని లేవడం) సంగతే చూడండి. పిరుదులు బిగిశాయా, తొడలు పట్టాయా అని లోపల వెతుక్కున్న ప్రతిసారీ తూలాను. నేలని కిందకి తోస్తున్నానని మాత్రమే అనుకున్నప్పుడు బార్ నేరుగా లేచింది. అంటే మనసు ఎప్పుడూ కండలోనే కూర్చోవాలని లేదు. బరువు పెరిగితే దానికి వేరే చోటు కావాలేమో. 40 లాగడం తప్పేమీ కాదు. అయితే ఇవాళ వీపు అడిగిందని పిన్ను మార్చలేదు నేను, ఆయన మొహం చూసి మార్చాను. అందుకే ఆయన మీద కోపం ఇంకా పూర్తిగా పోలేదు.

ఇది టైప్ చేస్తూ మధ్యమధ్యలో రెక్క ఎముకలు దగ్గరికి తెచ్చి చూసుకుంటున్నాను. కుడిది వెంటనే పలుకుతోంది. ఎడమది కాస్త ఆలస్యంగా వస్తోంది.