పెళ్ళికి వెళ్ళినందుకు 320 పౌండ్లు

మా తమ్ముడి పెళ్ళిలో చదివింపులు వాడికెంత వచ్చాయో నాకు తెలీదు గానీ, ఇక్కడ ఇంగ్లండులో మా కౌన్సిల్‌కి, అంటే మునిసిపాలిటీ లాంటిదానికి, మాత్రం మా తరఫున 320 పౌండ్లు ముట్టాయి. లెక్క తేలికే. పిల్లలు బడి మానేసినందుకు ఒక్కో బిడ్డకీ తల్లి కట్టాల్సింది 80, తండ్రి కట్టాల్సింది 80. మాకు ఇద్దరు పిల్లలు. నాలుగు ఉత్తరాలు, నాలుగు కవర్లలో, ఒకే రోజు వచ్చాయి. మా ఆయన వాటిని భోజనాల బల్ల మీద వరసగా పరిచి, 21 రోజుల్లో కడితే 80, అక్కణ్ణించి 28వ రోజు దాకా అయితే 160 అని పైకి చదివి, కార్డు తీసి అక్కడికక్కడే కట్టేశాడు. రూపాయల్లో ఎంతో నేను లెక్కేసుకున్నాను. 34 వేల పైమాటే. తెనాల్లో మా అమ్మకి మాత్రం చెప్పలేదు. చెబితే పెళ్ళి ఖర్చుల పుస్తకంలో రాసేస్తుంది.

మేం ఉండేది బర్మింగ్‌హామ్ పక్కన. బాబు అప్పుడు ఇయర్ ఫైవ్ (తొమ్మిది, పదేళ్ళ పిల్లల తరగతి), పాప ఇయర్ వన్ (ఐదు, ఆరేళ్ళ పిల్లలది). పెళ్ళి 2025 ఫిబ్రవరిలో, మాఘమాసం ముహూర్తానికి. ఇక్కడ హాఫ్‌టర్మ్ సెలవులు, అంటే టర్మ్ మధ్యలో ఇచ్చే వారం సెలవులు, 17వ తేదీ సోమవారం నుంచి. పంతులుగారు పెట్టిన ముహూర్తం సరిగ్గా అంతకు ముందు వారంలో పడింది. ఒక్క వారం అటు జరిపితే ఏ గొడవా లేకపోయేది. కానీ అమ్మాయి వాళ్ళ నక్షత్రానికీ మా వాడి నక్షత్రానికీ కుదిరింది అదొక్కటేనట. కల్యాణమండపం కూడా అదే రోజు దొరికింది, కాబట్టి నక్షత్రాల మీద నేను వాదించలేదు.

ఇండియాలో మావాళ్ళకి ఇదంతా వింతగా ఉంటుంది. "బడి ఎగ్గొట్టింది పిల్లలైతే ఫైను నీకెందుకేస్తారే?" అంది మా పెద్దమ్మ. నిజమే, మేం చదువుకున్నప్పుడు ఇవన్నీ ఎక్కడివి? నోట్‌బుక్కులోంచి కాగితం చింపి "యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్" అని రాసి, కింద నాన్న చేత సంతకం పెట్టిస్తే అయిపోయేది. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం వచ్చాయంటే మా క్లాసులో సగం మందికి జ్వరాలే. ఒకసారి నేను జ్వరం ఉత్తరం ఇచ్చి మా అత్త కూతురి పెళ్ళికి వెళ్తే, మా క్లాస్ టీచరు ఎదురు బంతిలోనే కూర్చుని ఉన్నారు. ఆవిడ నన్ను చూసి, "జ్వరమన్నావు, పులిహోర తినొచ్చా?" అన్నారు. అంతే. మర్నాడు ఆ ఊసే ఎత్తలేదు.

ఇక్కడి సంగతి వేరు. ఇంగ్లండులో 2013 సెప్టెంబరుకి ముందు హెడ్‌టీచరు తలుచుకుంటే ఏడాదికి పది రోజుల దాకా కుటుంబ సెలవు ఇవ్వగలిగేవారు. ఆ ఏడు నిబంధన మార్చి, 'అసాధారణ పరిస్థితులు' ఉంటే తప్ప ఇవ్వకూడదన్నారు. ఏది అసాధారణమో ఎక్కడా పట్టిక లేదు, హెడ్‌టీచరు ఇష్టం. 2024 ఆగస్టు నుంచి జరిమానాలన్నీ దేశమంతా ఒకే పద్ధతిలోకి తెచ్చారు. పూటని సెషన్ అంటారు, రోజుకి రెండు సెషన్లు. పది బడి వారాల్లో అనుమతి లేని గైర్హాజరు పది సెషన్లకి చేరితే, అంటే ఐదు రోజులైతే, కౌన్సిల్‌కి కబురు వెళ్తుంది. అంతకు ముందు 60 పౌండ్లున్న ఫైను అప్పుడే 80 అయింది. మూడేళ్ళలోపు అదే బిడ్డకి రెండోసారి పడితే తిన్నగా 160, తొందరగా కట్టినా తగ్గింపు లేదు. మూడోసారి ఫైనే ఉండదు, కోర్టుకి పంపొచ్చు. అక్కడ 2,500 పౌండ్ల దాకా పడొచ్చు. వేల్స్‌లో హెడ్‌టీచర్లకి ఇంకా పది రోజులు ఇచ్చే వీలుంది. స్కాట్లండులో అయితే సెలవులకి వెళ్ళినందుకు ఇలాంటి జరిమానాలే లేవు. మేమేమో మధ్యలో ఉన్నాం.

ఐదేళ్ళు నిండి ఆ తర్వాతి టర్మ్ మొదలయ్యే దాకా పిల్లలకి ఈ చట్టం వర్తించదు. అందుకే ఇక్కడి తెలుగువాళ్ళలో చాలామంది పిల్లలు రిసెప్షన్‌లో, అంటే ఇయర్ వన్ కంటే ముందు తరగతిలో, ఉండగానే పుట్టువెంట్రుకలు, తిరుపతి, తాతగారి షష్టిపూర్తి అన్నీ కానిచ్చేస్తారు. అది దాటాక మొదలవుతుంది టెన్షన్.

మా పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో ఈ విషయం మీద జరిగినన్ని చర్చలు ఎన్నికల మీద కూడా జరగవు. ఒకరు గురువారం, శుక్రవారం మానిపించి, వారం సెలవులు కలుపుకుని, తిరిగొచ్చాక సోమ, మంగళవారాలు మానిపిస్తారు. మొత్తం నాలుగు రోజులే, ఐదు కాలేదు కదా అంటారు. ఇంకొకరు శుభ్రంగా జ్వరమే చెబుతారు. ఆ జ్వరం కథల్లో నాకు బాగా నచ్చింది ఒకటుంది. మాకు తెలిసిన వాళ్ళు పాపకి కడుపులో ఇన్‌ఫెక్షన్ అని రోజూ పొద్దున్నే ఫోన్ చేసి చెబుతూ వారం గడిపారు, గుంటూరు నుంచి. తిరిగొచ్చాక ఆ పిల్ల క్లాసులో చెయ్యెత్తింది. అరచేతి నిండా గోరింటాకు, ఎర్రగా పండి ఉంది. టీచరు "ఎంత బాగుందో!" అంటే, మా పిన్ని పెళ్ళికి పెట్టుకున్నానని మొత్తం చెప్పేసింది, రిసెప్షన్‌లో వేసిన డాన్సుతో సహా.

నేను ఫారం నింపి ఇచ్చాను. కారణం దగ్గర 'మా తమ్ముడి పెళ్ళి' అని రాసి, శుభలేఖ కూడా జతచేశాను. హెడ్‌టీచరు పిలిపించారు. మంచి మనిషే. శుభలేఖ మీది వినాయకుడి బొమ్మని చాలాసేపు చూశారు. పెళ్ళి ఈ దేశంలోనే అయితే ఒక రోజుకి సంతకం పెట్టేదాన్ననీ, ఇండియా అంటే వారం అవుతుంది కాబట్టి పెట్టలేననీ చెప్పారు. వారం ఎందుకవుతుందో నేను వివరించబోయాను. బర్మింగ్‌హామ్ నుంచి దుబాయి, అక్కణ్ణించి హైదరాబాదు, అక్కణ్ణించి కారులో తెనాలి. పైగా మా బాబే తోడపెళ్ళికొడుకు. అదేమిటని అడిగితే, పెళ్ళికొడుకు పక్కన పీట మీద కూర్చుని అన్నీ వాడితోపాటే చేయించుకునే పిల్లాడని చెప్పాను. ఆవిడ నవ్వి, "మరి వాడు తప్పకుండా వెళ్ళాల్సిందే" అన్నారు. ఆ నవ్వుతోనే ఫారం మీద 'అనుమతి లేదు' అన్న గడిలో టిక్కు పెట్టారు. నాకు కోపం రాలేదు. దీపావళికి అడిగితే ఒక రోజు ఇస్తారు, అది మతానికి సంబంధించిన పండగ కాబట్టి. పెళ్ళి మతం కిందకి రాదట. మూడు గంటలు హోమం పొగలో కూర్చున్న మా మరదలికి ఈ మాట చెప్పాలి.

దీని మీద సుప్రీంకోర్టు దాకా వెళ్ళినాయన ఒకాయన ఉన్నాడు. ఐల్ ఆఫ్ వైట్ అనే ద్వీపంలో ఉండే జాన్ ప్లాట్. 2015లో కూతుర్ని ఏడు బడి రోజులు మానిపించి ఫ్లోరిడా తీసుకెళ్ళాడు. ఫైను కట్టనన్నాడు. చట్టంలో 'క్రమం తప్పకుండా' బడికి రావాలని ఉంది, మా అమ్మాయి హాజరు 90 శాతం పైనే ఉంది, అది క్రమం కాక ఏమిటని ఆయన వాదన. కింది కోర్టులో గెలిచాడు, హైకోర్టులో గెలిచాడు. 2017 ఏప్రిల్లో సుప్రీంకోర్టులో ఓడిపోయాడు. క్రమం అంటే బడి పెట్టిన నియమాల ప్రకారం అని న్యాయమూర్తులందరూ ఏకగ్రీవంగా తేల్చారు. ఆ తీర్పు తర్వాత మాలాంటి వాళ్ళు హాజరు శాతాలు చూపించి వాదించడానికేమీ మిగల్లేదు. మావాడి హాజరు ఆ ఏడు అప్పటిదాకా నూటికి నూరు. ఆ ముక్క ఎక్కడా పనికి రాలేదు.

విమాన టికెట్ల కోసం పిల్లల్ని మానిపించేవాళ్ళు లేరా అంటే, ఉన్నారు. ఆగస్టులోనూ క్రిస్మస్‌కీ హైదరాబాదు టికెట్లు చూస్తే కళ్ళు తిరుగుతాయి. నలుగురికీ కలిపి తేడా ఫైను కంటే ఎక్కువే ఉంటుంది. అప్పుడది శిక్షేం అవుతుంది, టోల్‌గేటు దగ్గర కట్టే రుసుము అవుతుంది. కట్టగలిగినవాడు కట్టి వెళ్తాడు. 2023-24లో ఇంగ్లండు మొత్తం మీద 4 లక్షల 87 వేల జరిమానాలు పడ్డాయి, పదింట తొమ్మిది సెలవుల బాపతే. ఫైను చూసి జనం ఆగుతున్నారని నేననుకోను. ఇంకో తమాషా కూడా ఉంది. నిజం రాసిచ్చినవాళ్ళకి ఫైను, గుంటూరు నుంచి కడుపునొప్పి అని ఫోన్ చేసినవాళ్ళకి ఏమీ లేదు. అయినా నేను మళ్ళీ ఫారమే నింపుతాను. మావాడు ఆరేళ్ళప్పుడు డెంటిస్టు దగ్గర చెప్పిన చిన్న అబద్ధాన్నే నాలుగు రోజులు మోసుకు తిరిగి చివరికి ఏడ్చాడు. వాడి చేత వారం రోజుల జ్వరం మోయించడం నా వల్ల కాదు.

డబ్బు కంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది సెలవుల అమరిక. ఇక్కడ పెద్ద సెలవులు జులై మూడో వారం దాటాక మొదలై ఆగస్టంతా ఉంటాయి. అప్పుడు ఆంధ్రాలో బళ్ళు జోరుగా నడుస్తుంటాయి, జూన్ 12న తెరిచేస్తారు కదా. మా అన్న పిల్లలకి వారం వారం స్లిప్ టెస్టులు. పొద్దున ఏడింటికి బస్సెక్కి వెళ్ళిపోతే మావాళ్ళు సాయంత్రం దాకా అరుగు మీద కూర్చుని దోమలు కొట్టుకోవాలి. పైగా మొదట్లో ఆషాఢం, పెళ్ళిళ్ళుండవు. 2023లో అధిక శ్రావణం వచ్చి ఆగస్టు సగం దాకా శుభకార్యాల్లేవు. వాళ్ళకి సెలవులిచ్చే మేలో మా పిల్లలకి బడి. సంక్రాంతి అయితే మరీ అన్యాయం. క్రిస్మస్ సెలవులయిపోయి జనవరి మొదటి వారంలో బడి తెరుస్తారు. సరిగ్గా ఇంకో వారానికి భోగి. మా పిల్లలు గొబ్బెమ్మల్ని ఫోన్లో తప్ప చూడలేదు.

ఇలా నేను మొత్తుకుంటుంటే వినేది నా స్నేహితురాలు ఒకావిడ. వరంగల్ మనిషి, ఇక్కడ హైస్కూల్లో లెక్కలు చెబుతుంది. విని ఊరుకోదు. "మీరు ఫైను కట్టి వెళ్తారు. తిరిగొచ్చాక మీవాడికి ఆ పాఠం మళ్ళీ చెప్పేది ఎవరు? మిగతా ఇరవై తొమ్మిది మంది ఏం చెయ్యాలి అప్పుడు?" అంటుంది. టీచరు కాబట్టి ఆవిడ టర్మ్ మధ్యలో ఎక్కడికీ కదల్లేదు. ధర ఎంతున్నా ఏటా ఆగస్టు టికెట్టే కొంటుంది. ఆవిడ ముందు నా గోడు ఎక్కువసేపు నిలవదు. పైగా ఆవిడ అన్నట్టే అయింది. మేం వెళ్ళిన వారంలో మావాడి క్లాసులో హారాలు వేరుగా ఉన్న భిన్నాల కూడిక చెప్పారు. ఈస్టర్ దాకా వాడు పైవీ కిందవీ గుడ్డిగా కలిపేస్తూనే ఉన్నాడు. ప్రయాణాల్లోనే అసలు చదువుంది అనేవాళ్ళ మాట నేను నమ్మను. తెనాల్లో వాడు కొత్తగా నేర్చుకుంది రమ్మీ.

కానీ వాణ్ణి పెళ్ళికొడుకుని చేసిన పొద్దున చూడాలి. పీట మీద మా తమ్ముడు, పక్కన చిన్న పీట మీద వీడు. ముత్తయిదువులు మాడుకి నూనె పెట్టి నలుగు పెడుతుంటే మొహం బిగించుకుని కూర్చున్నాడు, చక్కిలిగింతలకి నవ్వు ఆపుకోలేక. కొత్త పంచె జారకుండా మా అమ్మ బెల్టు పెట్టింది. నుదుట కల్యాణం బొట్టు, బుగ్గన చుక్క. అందరూ అక్షింతలు వేస్తుంటే మెల్లగా నా వైపు వంగి, "అమ్మా, నాక్కూడా పెళ్ళయిపోదు కదా?" అని ఇంగ్లీషులో అడిగాడు. మా తమ్ముడు విని, "అయిపోతుందిరా, అమ్మాయిని చూసే ఉంచాం" అన్నాడు. ఇక ఆ రోజంతా పదేళ్ళలోపు ఆడపిల్లలెవరు కనబడినా వీడు మా నాన్న వెనక దాక్కున్నాడు.

ఏడాది చివర్లో వచ్చిన హాజరు పట్టికలో ఆ వారం గళ్ళన్నిట్లో వరసగా 'జీ' అని ఉంది. అనుమతి లేని సెలవుకి ఆ అక్షరం వేస్తారు. మూడేళ్ళ లెక్క మాకు 2028 దాకా నడుస్తుంది. ఈలోగా ఇంకోసారైతే 640 పౌండ్లు.

ఇప్పుడు మా బాబాయి కూతురికి సంబంధం కుదిరింది. ఫోన్లో విన్న వెంటనే నేనడిగింది అబ్బాయి ఏం చేస్తాడని కాదు, ముహూర్తం ఎప్పుడని. ఈ ఏడు (2026) అధిక జ్యేష్ఠం రావడంతో శ్రావణం ఆగస్టు 13కి జరిగింది. ఇక్కడ బడి సెప్టెంబరు మొదట్లో గానీ తెరవరు. మధ్యలో రెండున్నర వారాలు బంగారంలా ఉన్నాయి. మా బడి టర్మ్ తేదీల కాగితం, టీచర్ల శిక్షణ కోసం పిల్లలకి సెలవిచ్చే ఇన్‌సెట్ డేలతో సహా, ఫొటో తీసి బాబాయికి పంపాను. ఆయన పంతులుగారికి పంపారు. పంతులుగారు చూసి, "అమ్మాయీ, ఇన్‌సెట్ డే అంటే ఏమిటి, అది సెలవేనా?" అని నాకే మెసేజ్ పెట్టారు.